పెర్మోజర్‌ని జ్వింగర్ ఫొటోలు చూసి అంచనా వేయొచ్చా?

రాతిగడప
ఫైనార్ట్స్ విద్యార్థుల కోసం బాల్తజార్ పెర్మోజర్ మీద ఒక పాఠం తయారు చేస్తున్నాను. ఎక్కడ చూసినా అవే రెండు ముక్కలు: జర్మనీలోని డ్రెస్డెన్ ఆస్థాన శిల్పి, జ్వింగర్ (అక్కడి రాజుల వేడుకల ప్రాంగణం) కట్టినాయన. సరే అని జ్వింగర్ ఫొటోలు ముందేసుకుంటే తల తిరిగిపోతోంది. అందులో వాల్ పెవిలియన్ అనే మండపం కింద బరువు మోస్తున్న ఆ శాటిర్‌లలో (గ్రీకు పురాణాల్లోని సగం మనిషి, సగం మేక) ఒకదాని మొహం నిన్న చెక్కినట్టు గోధుమరంగులో ఉంది. పక్కదాని ముక్కు అరిగిపోయి బొగ్గులా ఉంది. ఆయన చెయ్యి ఏది, శిష్యుల చెయ్యి ఏది, నిన్నగాక మొన్న పెట్టిన నకలు ఏది? అసలు ఈ ఫొటోలు చూపించి "ఇదీ పెర్మోజర్" అని చెప్పడం న్యాయమేనా?

బందరుబాబు
ముందు ఒక దిద్దుబాటు. జ్వింగర్ కట్టింది మథేయుస్ డానియేల్ పోపెల్మాన్. పెర్మోజర్ శిల్పాల పెద్ద. ఇద్దరినీ కలిపేయకండి.

ఎల్బేఒడ్డు
బందరుబాబు చెప్పింది నిజమే కానీ ఆ రెండింటినీ పూర్తిగా విడదీయడమూ కుదరదు. అది తర్వాత చెప్తాను. ముందు మనిషి సంగతి.

పుట్టింది 1651లో, బవేరియాలో ట్రౌన్‌స్టైన్ దగ్గరి కామర్ అనే పల్లెలో. పని నేర్చుకున్నది సాల్జ్‌బర్గ్‌లో వైసెన్‌కిర్ష్‌నర్ అనే శిల్పి దగ్గర, ఆ తర్వాత వియన్నాలో. 1675లో ఇటలీ వెళ్ళి పధ్నాలుగేళ్ళు ఉండిపోయాడు. ఎక్కువ కాలం ఫ్లోరెన్స్‌లో, ఫొజ్జీని చుట్టూ ఉన్న శిల్పుల్లో ఒకడిగా, ఆ ఊరిని ఏలే మెడిచీ వంశం కోసం పని చేశాడు. అక్కడి సాన్ గయెతానో చర్చి ముఖభాగం మీద ఆయన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. 1689లో సాక్సనీ ఎలెక్టర్ (డ్రెస్డెన్ రాజధానిగా ఆ ప్రాంతాన్ని ఏలే ప్రభువు) మూడో యోహాన్ గియోర్గ్ పిలిస్తే డ్రెస్డెన్ వచ్చాడు. అప్పటికి వయసు 38. అంటే చెయ్యి తిరిగిపోయాకే వచ్చాడు. జ్వింగర్ పని మొదలయ్యేసరికి అరవై దగ్గర పడ్డాయి. 1732 ఫిబ్రవరిలో పోయాడు, ఎనభై నిండాక.

ఇంత జీవితంలో జ్వింగర్ ఒక భాగం. పాఠం అక్కడ మొదలుపెడితే మనిషిని మధ్యలోంచి ఎత్తుకున్నట్టు అవుతుంది.

సీతమ్మవాకిలి
ఆస్థాన శిల్పి అంటే మన దగ్గర గుడి స్థపతి లాంటివాడు అనుకోవచ్చా?

ఎల్బేఒడ్డు
కాదండీ. స్థపతి కట్టడం మొత్తానికి లెక్క చెప్పాలి, కొలతలు ఇవ్వాలి. ఇక్కడ ఆ పని పోపెల్మాన్‌ది. ఆస్థాన శిల్పి చేతికి రాజు ఏది కోరితే అది వచ్చి పడుతుంది: తోట బొమ్మ, భోషాణంలో దాచుకునే దంతపు బొమ్మ, రాణి సమాధి, ప్రార్థనామందిరంలో ఉపన్యాస పీఠం. పెర్మోజర్ ఇవన్నీ చేశాడు. రాయి, కర్ర, దంతం, మూడూ ఒక్క చేతే.

దంతపుపీట
పాఠం దంతంతో మొదలుపెట్టండి అంటాను నేను. బ్రౌన్‌ష్వైక్ మ్యూజియంలో 1695 నాటి నాలుగు ఋతువుల బొమ్మలున్నాయి. డ్రెస్డెన్ గ్రీన్ వాల్ట్‌లో, అంటే రాజుల ఖజానా మ్యూజియంలో, గ్రీకు పురాణాల వీరుడు హెర్క్యులీజ్, రాణి ఓంఫలే జంట ఉంది. ఎందుకంటే దంతం శిల్పికి ఎలా ఆలోచించాలో నేర్పుతుంది.

ఏనుగు దంతం మొదట్లో బోలు. ముఖం వైపు నుంచి దాదాపు మూడో వంతు పొడవు లోపల గుంటే. గట్టి భాగం మిగతాదే, అదీ చివరికి పోనుపోను సన్నబడుతుంది. అడ్డంగా కోస్తే 12 సెంటీమీటర్లు వచ్చిందంటే మంచి దంతమే. పైగా నిలువునా వంపు. ఆ వంపులో నిటారు బొమ్మ పట్టదు. అందుకే నడుము ఒక వైపు, భుజం ఇంకో వైపు, తల వెనక్కి తిప్పి, దంతం వంపునే ఒంటి వంపుగా మార్చుకుంటారు. చాచిన చెయ్యి కావాలంటే వేరే ముక్కలోంచి తీసి, సన్నని దంతపు చీలతో అతకాలి. ఆ అతుకు గాజు కింద, బట్ట మడత కింద దాగుతుంది.

ఇప్పుడు జ్వింగర్ శాటిర్‌లను చూడండి. ఆ మెలిక ఎక్కడిదో తెలుస్తుంది. రాయికి అంత మెలిక అవసరం లేదు. దంతం దగ్గర అలవాటైన చెయ్యి అది.

కొండరాయి
ఇది నేను ఒప్పుకోను. మెలిక ఆ కాలం శిల్పులందరిదీ. ఇటలీలో అందరూ తిప్పారు. ఫ్లోరెన్స్, రోమ్ చూసి వచ్చినవాడికి దంతం వేరే నేర్పాలా?

దంతపుపీట
కొండరాయి గారూ, ఇటలీ మెలిక పాలరాతి దిమ్మలోది. దిమ్మకి నాలుగు ముఖాలుంటాయి, ముందునుంచి చూసేలా తీరుస్తారు. పెర్మోజర్ బొమ్మని చుట్టూ తిరిగి చూడాలి, చేతిలో పట్టుకుని తిప్పే వస్తువులాగా. వియన్నాలోని ప్రిన్స్ యూజీన్ (తురుష్కులని ఓడించిన ఆస్ట్రియా సేనాని) విగ్రహమే సాక్ష్యం.

కొండరాయి
మీరు తెచ్చిన సాక్ష్యమే మీకు ఎదురు తిరుగుతుంది. ఆ యూజీన్ విగ్రహం (1718–21) రెండు మీటర్ల ముప్పై సెంటీమీటర్ల పాలరాయి. చేతిలో తిప్పే వస్తువుని అంత ఎత్తుకి పెంచేసరికి ఊపిరాడక ఉక్కిరిబిక్కిరి అయింది. సేనాని కాలికింద ఓడిన తురుష్కుడు, పక్కన బూర ఊదే కీర్తిదేవత, సూర్యబింబం ఎత్తి పట్టిన బాలుడు, హెర్క్యులీజ్ గద, సింహం తోలు. కన్ను నిలవడానికి చోటేదీ?

సీతమ్మవాకిలి
నిలుస్తుందండీ, చేతి దగ్గర. కీర్తిదేవత బూర ఊదబోతుంటే యూజీన్ తన అరచేత్తో ఆ బూర నోరు మూసేస్తాడు. నా గొప్ప చాటొద్దు అని. పొగడ్త కోసం చేసిన విగ్రహంలో పొగడ్తనే ఆపే చెయ్యి. నాకు ఆ విగ్రహం మొత్తం ఆ అరచేతిలోనే ఉంది.

ఎల్బేఒడ్డు
కాలికింద పడి ఉన్నవాడి మొహం పెర్మోజర్‌దే అన్నది కూడా పాఠంలో పెట్టండి రాతిగడప గారూ. డెబ్బై ఏళ్ళ ముసలాయన, తన మొహాన్ని ఓడినవాడికి ఇచ్చాడు.

ఉలిపిడి
కొండరాయి గారి "ఉక్కిరిబిక్కిరి" వెనక పనితనం లెక్క ఒకటుంది. పాలరాతిలో అంత చీల్చి, అన్ని ఖాళీలు తీయాలంటే ఉలి సరిపోదు, బరమా కావాలి. ముందు వరసగా చిల్లులు వేసి, చిల్లుల మధ్య గోడల్ని సన్న ఉలితో తీసేస్తారు. లోతు ఎక్కువైన కొద్దీ ఒక చెయ్యి బరమా పట్టుకోవాలి, ఇంకొకరు తాడు లాగాలి. వేళ్ళు, బూర, గుడ్డ అంచు లాంటి సన్నవాటికి పక్కన చిన్న రాతి వంతెన వదిలేసి, చిట్టచివర తీస్తారు. ఆ వంతెన ముందే తీశారో, పక్కన కొట్టిన దెబ్బకి వేలు రాలిపోతుంది. రాలిన వేలు అతకొచ్చు కానీ అతుకు ఎప్పటికీ తెలుస్తుంది. బొమ్మలు దగ్గరగా ఒకదాన్నొకటి తాకుతూ ఉండటం కొంత ఇందుకే: ఒకదాని చెయ్యి ఇంకోదాని భుజానికి ఆనితే అదే వంతెన, తీయక్కర్లేదు.

కొండరాయి
ఉలిపిడి గారు చెప్పింది బావుంది. చూసే తీరు కొంచెం మార్చుకోవాల్సిందే. అయినా నా ఓటు జ్వింగర్‌కే. రాయి కట్టడంలో కలిసిపోయే చోట పెర్మోజర్‌ని మించినవాడు లేడు.

రాతిగడప
నా అసలు ప్రశ్న పక్కకి పోతోంది. ఆ గోధుమరంగు మొహం, నల్ల మొహం సంగతి ఎవరైనా చెప్పండి.

ఉలిపిడి
వస్తున్నా. ఇది కాస్త పొడుగు.

జ్వింగర్ రాయి ఎల్బే నది ఎగువ గనుల ఇసుకరాయి. అందులో రెండు రకాలు ముఖ్యం. పోస్టా రాయి గరుకు, ఇసుక రేణువులు సిలికాతో గట్టిగా పట్టుకుని ఉంటాయి, గోడలకీ స్తంభాలకీ వాడతారు. కోటా రాయి సన్నటి రేణువు, మధ్యలో బంకమట్టి చారలుంటాయి, ఉలికి మెత్తగా వస్తుంది. అందుకే శిల్పులకి ఇష్టం. గని నుంచి తీసిన కొత్తలో లోపల తడి ఉంటుంది కాబట్టి ఇంకా మెత్తన, ఆరిన కొద్దీ గట్టిపడుతుంది. చిక్కు ఏంటంటే, చెక్కడానికి ఏది సుఖమో వానకి అదే లోకువ. బంకమట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. వందల సార్లు అలా జరిగాక పై పొర అప్పడంలా లేస్తుంది.

రెండోది పొర. ఇసుకరాయి భూమిలో ఎలా పడుకుందో అలాగే పడుకోబెట్టి వాడాలి. పొరని నిలువుగా నిలబెడితే ముఖం మొత్తం రేకులా ఊడొస్తుంది. పొడుగు బొమ్మకి అంత ఎత్తు దిమ్మ ఒకే పొరలో దొరకదు. అందుకే చాలాసార్లు తప్పనిసరై నిలబెట్టేవారు. ఏ బొమ్మ ముక్కు ముందు పోయిందో చూస్తే చాలావరకు దాని కారణం ఇదే.

బరువు లెక్క కూడా చెప్తా, విద్యార్థులకి పనికొస్తుంది. 2 మీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 70 లోతు ఉన్న దిమ్మ అంటే 1.12 ఘనమీటర్లు. ఇసుకరాయి ఘనమీటరుకి సుమారు 2.1 టన్నులు, అంటే 2.3 టన్నుల పైమాట. అదే పాలరాయి అయితే 3 టన్నులు. చెక్కాక సగానికి సగం చెత్తగా పోతుంది. అందుకే గని దగ్గరే మొరటుగా తొలిచి, పడవలో తెచ్చేవాళ్ళు.

బందరుబాబు
నలుపు సంగతి?

ఉలిపిడి
నలుపు అంతా ఒకటి కాదు. ఎల్బే ఇసుకరాయి వయసుతో దానంతటదే నల్లబడుతుంది, అందులోని ఇనుము వల్ల, గాలిలో మసి వల్ల. పల్చగా, రాయి గరుకు కనపడేలా ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. వాన నేరుగా పడని చోట, గడ్డం కింద, చంకల్లో, దళసరిగా పట్టిన నల్ల పెంకు వేరు. బొగ్గు పొగలోని గంధకం తడితో కలిసి, అతుకుల్లోని సున్నంతో చేరి జిప్సం అవుతుంది, మసిని పట్టేసుకుంటుంది. ఆ పెంకు కింద రాయి పిండి అయిపోతుంది. పెంకు ఊడినప్పుడు చెక్కడం కూడా దాంతోనే పోతుంది.

దానికి తోడు పాత మరమ్మతులు. పందొమ్మిదో శతాబ్దంలో బొమ్మలకి నూనె రంగు పూశారు, విరిగిన చోట సిమెంటు పెట్టారు. రంగు వల్ల లోపలి తడి బయటికి రాలేదు. సిమెంటు రాయికన్నా గట్టిది, పైగా ఉప్పు వదులుతుంది. ఆ ఉప్పు పక్క రాయిలో పొంగి దాన్ని పగలగొట్టింది. బాగు చేద్దామనుకున్నదే ఎక్కువ చెరిచింది.

ఇనుప చీలలు ఇంకో శత్రువు. చెయ్యి, కిరీటం అతకడానికి ఇనుప చీల దింపి సీసం పోసేవారు. సీసం సరిగ్గా నిండితే మూడొందల ఏళ్ళు ఉంటుంది. చిన్న ఖాళీ మిగిలినా నీళ్ళు దిగి, ఇనుము తుప్పు పట్టి, కొన్ని రెట్లు ఉబ్బి రాయిని లోపల్నుంచే చీలుస్తుంది. ఇప్పుడు తుప్పు పట్టని ఉక్కు వాడుతున్నారు.

రాతిగడప
అంటే ఆ గోధుమరంగు మొహం నకలా?

ఎల్బేఒడ్డు
చాలామటుకు అంతే. 1924 నుంచి హూబర్ట్ ఎర్మిష్ ఆధ్వర్యంలో పెద్ద మరమ్మతు జరిగింది, శిల్పాల పని గియోర్గ్ వ్ర్బా చూశాడు. పాడైనవి దింపి కొత్తగా చెక్కారు. అది ముగిసి పదేళ్ళు కాకముందే 1945 ఫిబ్రవరి బాంబింగ్. జ్వింగర్ శిథిలమైంది. యుద్ధం ముగిసిన ఏడాదే మళ్ళీ కట్టడం మొదలుపెట్టి, 1960లలోకి వచ్చేదాకా చేశారు. కాబట్టి బయట కనపడేదాంట్లో అసలు, అసలుని మళ్ళీ ఉలితో గీకింది, పూర్తి నకలు, మూడూ కలిసి ఉన్నాయి. కొన్ని అసలు బొమ్మల్ని లోపలికి చేర్చారు.

సీతమ్మవాకిలి
నకలు ఎలా తీస్తారో కూడా రాయండి ఎవరైనా. కంటితో చూసి చెక్కుతారా?

ఉలిపిడి
లేదండీ, కొలిచి. అసలుకి అచ్చు తీసి ప్లాస్టర్ బొమ్మ పోస్తారు. దాని మీద ఎత్తుగా ఉండే చోట్ల, అంటే నుదురు, మోచెయ్యి, మోకాలు, చుక్కలు పెడతారు. మూడు బిందువులకి ఆనించే చట్రం, అందులో ముందుకీ వెనక్కీ జరిగే సూది. సూదిని ప్లాస్టర్ చుక్కకి తగిలించి బిగించి, చట్రాన్ని కొత్త రాయికి మార్చి, సూది ఆగినంత లోతుకి రాయి తొలుస్తారు. ఒక తలకే వందల చుక్కలు. చివరి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రం వదిలేసి కంటితో, చేత్తో ముగిస్తారు. నకలు మంచిదా చెడ్డదా అన్నది ఆ రెండు మిల్లీమీటర్లలోనే ఉంటుంది.

నకలు చెయ్యకుండా అసలుని కాపాడాలంటే: తడి కాగితపు గుజ్జు కట్టి ఉప్పుని బయటికి లాగడం, గుజ్జు ఆరాక తీసేసి మళ్ళీ కట్టడం, ఉప్పు తగ్గేదాకా. ఆ తర్వాత పిండి అవుతున్న రాయికి ఇథైల్ సిలికేట్ (రేణువుల్ని మళ్ళీ పట్టి ఉంచే ద్రవం) తాగించడం. వరస తప్పి, ఉప్పు లోపల ఉండగానే సిలికేట్ తాగిస్తే ఉప్పుని రాయిలోనే బంధించినట్టు అవుతుంది. తర్వాత పై పొర దళసరి పలకలా ఊడొచ్చు.

కొండరాయి
ఇంతా విన్నాక కూడా జ్వింగర్‌ని పాఠంలోంచి తీసెయ్యొద్దు అంటాను. వాల్ పెవిలియన్ కొసన భూగోళం మోస్తున్న హెర్క్యులీజ్‌ని చూడండి. కింద శాటిర్‌లు బరువు మోస్తుంటారు, కొందరు నవ్వుతూ, కొందరు పళ్ళు బిగించి. వాళ్ళు మోసే బరువు మెట్లు మెట్లుగా పైకి ఎక్కి, చిట్టచివర ఒక్క మనిషి భుజం మీదికి చేరుతుంది. ఆ మనిషి హెర్క్యులీజ్, అంటే పరోక్షంగా అప్పటి సాక్సనీ ప్రభువు, రాజు అగస్టస్. ఈ ఆలోచన రాయి అరిగినా పోదు. నకలులోనూ ఉంటుంది.

ఎల్బేఒడ్డు
మొదట్లో విడదీయలేం అన్నది ఇందుకే. గోడ ఎక్కడ ఆగి బొమ్మ ఎక్కడ మొదలైందో చెప్పలేని చోట పోపెల్మాన్‌ది ఇంత, పెర్మోజర్‌ది ఇంత అని గీత గీయలేం.

ఇక చెయ్యి ఎవరిది అన్నదానికి: అంత రాయి ఒక్కడు చెక్కలేడు. కిర్ష్‌నర్, తోమే, హేర్మాన్ లాంటి శిల్పులు పనిచేశారు. పాల్ ఎగెల్ కూడా కుర్రతనంలో ఇక్కడ పెర్మోజర్ కింద చెక్కాడు. తర్వాత మాన్‌హైమ్‌లో ఆయనే ఆస్థాన శిల్పి అయ్యాడు, ఆయన దగ్గర ఇగ్నాజ్ గుంథర్ పని నేర్చుకున్నాడు. విద్యార్థులకి ఈ గురుశిష్యుల వరస చెప్పండి. దక్షిణ జర్మనీ చెక్క శిల్పం దాకా దారి దొరుకుతుంది.

బందరుబాబు
చెక్క అంటే గుర్తొచ్చింది. ఉపన్యాస పీఠం అన్నారు, అది?

దంతపుపీట
డ్రెస్డెన్ కేథలిక్ హోఫ్‌కిర్షెలో, అంటే ఆస్థాన చర్చిలో ఉంది, 1722లో చేసింది. ఆ చర్చి కట్టకముందున్న ఆస్థాన ప్రార్థనామందిరం కోసం చేశాడు, తర్వాత ఇక్కడికి మార్చారు. బౌట్జెన్ మ్యూజియంలోని సెయింట్ అంబ్రోస్, సెయింట్ అగస్టీన్ విగ్రహాలు లిండెన్ అనే మెత్తటి చెట్టు చెక్కవి, 1725. అప్పటికి ఆయనకి డెబ్బై నాలుగు. గుడ్డలు చూడండి, గాలికి కాదు, లోపలి ఆవేశానికి ఎగురుతున్నట్టుంటాయి.

లిండెన్ చెక్కలో ఒక జాగ్రత్త. దుంగ ఆరేటప్పుడు చుట్టుకొలత వైపు ఎక్కువ ముడుచుకుంటుంది, నడిబొడ్డు వైపు తక్కువ. నడిమి బొడ్డు అలాగే ఉంచితే బయటి నుంచి బొడ్డు దాకా నిలువు పగులు ఖాయం, అదీ మొహం మీదుగా రావచ్చు. అందుకే పెద్ద బొమ్మలకి వెనక నుంచి తొలిచి డొల్ల చేస్తారు.

సీతమ్మవాకిలి
గ్రీన్ వాల్ట్‌లో పచ్చల పళ్ళెం పట్టుకున్న నల్లని మనిషి బొమ్మ కూడా ఆయనదేనా?

దంతపుపీట
అవును, 1724 ప్రాంతంలోది. ఒంటి పని పెర్మోజర్‌ది, నగలు ఆస్థాన స్వర్ణకారుడు డింగ్లింగర్‌వి. ఎత్తు 64 సెంటీమీటర్లలోపే. ఒళ్ళు బేరి చెట్టు కర్ర, పైన లక్క. బేరి కర్రలో చార దాదాపు కనపడదు, అందుకే లక్క అద్దంలా పడుతుంది. పళ్ళెం తాబేటి చిప్ప. అందులోని పచ్చల రాయి దక్షిణ అమెరికాది, 1581లో చక్రవర్తి రెండో రుడాల్ఫ్ సాక్సనీ ఎలెక్టర్‌కి కానుకగా ఇచ్చింది. అంటే రాయి ముందు, బొమ్మ నూటనలభై ఏళ్ళ తర్వాత. ఆ రాయిని చూపించడానికి ఒక మనిషిని తయారుచేశారు.

సీతమ్మవాకిలి
ఆ మనిషి ముఖం ఆఫ్రికాది, ఈకల కిరీటం, అలంకారం అమెరికా ఆదివాసులవి. డ్రెస్డెన్ ఆస్థానానికి ఆ ఇద్దరూ ఒకటే, దూరదేశపు సేవకుడు. పనితనం ఎంత గొప్పదైనా పాఠంలో ఈ మాట లేకుండా ఆ బొమ్మ చూపించకండి. పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా.

రాతిగడప
తప్పకుండా పెడతాను.

గుంటూరుగోంగూర
గ్రీన్ వాల్ట్ అంటే మన గోల్కొండ పచ్చ వజ్రం ఉన్న చోటే కదా! పెర్మోజర్ దానికి ఏమైనా చేశాడా?

ఎల్బేఒడ్డు
లేదు. ఆ 41 కేరట్ల ఆకుపచ్చ వజ్రం గోల్కొండ గనులదే అని నమ్ముతారు. కానీ డ్రెస్డెన్‌కి అది చేరేసరికి పెర్మోజర్ పోయి దాదాపు పదేళ్ళు. మన వైపు చూపు కావాలంటే అక్కడే డింగ్లింగర్ అన్నదమ్ములు 1701–08లో చేసిన ఔరంగజేబు దర్బారు ఉంది, వజ్రాలు పొదిగిన నూట ముప్పైకి పైగా చిన్న బొమ్మలతో. అది వాళ్ళ పని, పెర్మోజర్‌ది కాదు. పెర్మోజర్, డింగ్లింగర్ కలిసి చేసినదాంట్లో 1704 నాటి డయానా స్నానం చూడండి. రాతి గిన్నె అంచున దంతపు డయానా, కింద జింక కొమ్ములు గిన్నెని మోస్తుంటాయి.

గుంటూరుగోంగూర
ఆయన గడ్డం గురించి పుస్తకం రాశాడట, నిజమేనా?

బందరుబాబు
నిజం, 1714లో అచ్చయింది. అందరూ నున్నగా గీసుకుని విగ్గు పెట్టుకునే ఆస్థానంలో పెద్ద గడ్డంతో తిరిగేవాడు. గడ్డానికి పోయిన గౌరవం తిరిగి ఇవ్వాలని వాదించాడు.

కొండరాయి
శాటిర్‌ల గడ్డాల మీద అంత శ్రద్ధ ఎందుకో తెలిసింది. ఒక్క గడ్డం ఇంకో గడ్డంలా ఉండదు.

రాతిగడప
పాఠం వరస మార్చేశాను: దంతపు ఋతువులు, యూజీన్ అరచెయ్యి, బౌట్జెన్ చెక్క, ఆ తర్వాతే జ్వింగర్. జ్వింగర్ ఫొటో కింద "పెర్మోజర్ కార్యశాల, తర్వాతి కాలపు నకళ్ళతో కలిపి" అని రాస్తాను. చివరి చిత్రం ఏది పెట్టమంటారు?

ఎల్బేఒడ్డు
ఆయన సమాధి శిల్పం. డ్రెస్డెన్‌లోనే ఫ్రీడ్రిష్‌స్టాట్ అనే పేటలోని పాత కేథలిక్ శ్మశానంలో తన సమాధి కోసం తనే చెక్కుకున్న శిలువ ఘట్టం, ఇసుకరాయి. ఎనభై ఏళ్ళకి దగ్గరపడిన చెయ్యి అది. వాన పడకుండా ఇప్పుడు అక్కడి ప్రార్థనామందిరం లోపల ఉంచారు.

ఉలిపిడి
లోపల ఉంది కాబట్టి క్రీస్తు పాదాల దగ్గరి నుంచి తీసిన ఫొటో వెతకండి. ఇసుకరాయిలో ఆయన చెక్కడం ఎలా ఉండేదో పోల్చి చూడ్డానికి, జ్వింగర్ శాటిర్ దగ్గరి ఫొటో పక్కనే పెట్టండి.